సాత్తూరు దాటేదాకా

మాత్ర మింగి ఏడు నిమిషాలైంది. కోవిల్‌పట్టి బస్టాండులో అమ్మ సీసా మూత తీసి ఇచ్చింది, నేను నిలబడే మింగాను, అదింకా గొంతు దాటనట్టే ఉంది. దాటే ఉంటుంది. రెండు గుక్కల నీళ్లు తాగాక దాటకుండా ఎక్కడ ఉంటుంది. నాలుక కింద ఇరుక్కుని, బస్సు మెట్లెక్కేటప్పుడు దగ్గానే, అప్పుడు బయట పడిపోయిందేమో. దగ్గినప్పుడు చున్నీ అడ్డం పెట్టుకున్నాను. చున్నీ మడత విప్పి చూసుకోవాలనిపిస్తోంది. చూసుకోకూడదు. చూసుకోకుండా ఉండడమే వైద్యం అని కదా విరుదునగర్ ఆస్పత్రికి పోతున్నది. కండక్టరు తలుపు దగ్గర వేలాడుతూ ఇది ఎక్స్‌ప్రెస్ అని, సాత్తూరు తప్పితే ఇక విరుదునగర్‌లోనే నిలుస్తుందని తమిళంలో అరిచాడు. అది విని అమ్మ నా మొహం చూసింది. ఎందుకు చూసిందో నాకు తెలుసు. పోయిన మూడు గురువారాలు ఇదే బస్సు ఎక్కాం. మూడుసార్లూ సాత్తూరులో నేను దిగిపోయాను, నా వెంట అమ్మ దిగింది, అవతలి వైపు బస్సు పట్టుకుని ఇంటికి వెనక్కి వచ్చేశాం. నాలుగోసారి కూడా రాకపోతే నీ పేరు కొట్టేసి ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు సీనీ, నేనేం చేయలేను అని ఆస్పత్రిలో పనిచేసే నిరోషా అక్క ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం సంచిలో ఉంది. ఉందా? ఉంది. చూడను.

పొద్దున అమ్మ అన్నం వార్చి, పొయ్యిలోంచి కట్టెలు వెనక్కి లాగింది. అక్కడిదాకా చూశాను. ఆ తర్వాత, నిరోషా అక్క చెప్పిన ప్రకారం, నేను చెప్పులు వేసుకుని వీధిలోకి వచ్చి ఇంటికి వీపు పెట్టి నిలబడ్డాను. ఎదురింటి గోడ మీద పోయినేడు ఎన్నికలకు గీసిన గుర్తు సగం వెలిసిపోయి ఉంది, దాన్ని చూస్తూ నిలబడ్డాను. వెనక గొళ్లెం పడింది, తాళం తిరిగింది, అమ్మ అడుగులు దగ్గరికి వచ్చాయి. అంతే. ముందు గదిలో మూడు గోతాల పుల్లలున్నాయి. మా వైపు అగ్గిపెట్టెలు చేసే చోటుని కంపెనీ అని మాత్రమే అంటారు, వేరే కంపెనీ ఏదీ లేనట్టు. అక్కడ మందులో ముంచే ముందు పుల్లల్ని చెక్క చట్రాల్లో వరసగా పేర్చాలి, ఆ పేర్చే పని ఇళ్లకు ఇస్తారు. అవి తల లేని తెల్ల పుల్లలు, ఎండిన కట్టె కంటే వాటికేం ఎక్కువ కోపం లేదు. అది నాకు తెలుసు. కానీ గోతంలో ఎక్కడో ఒక్క పుల్లకు మందు తల ఉండవచ్చు. ఉండదంటారు అందరూ. ఒకసారి ఉంది. నాకు పదహారేళ్లప్పుడు, గోతం అడుగున, ఎర్రటి తలతో ఒకే ఒక్క పుల్ల, బుద్ధిగా మిగతావాటి మధ్య పడుకుని. ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి ఉండదు అనే మాట నాకు పని చేయడం మానేసింది. పొయ్యిలో ఒక నిప్పు కణిక మిగలడం, అది చిటపటమని ఎగరడం, ముందు గదిదాకా రావడం, ఆ ఒక్క పుల్ల మీదే పడడం. జరగదు. జరగదని నేను కూడా చెప్పగలను, ఎవరైనా అడిగితే. నాయన వత్రాప్ దగ్గర కొబ్బరి తోటలో కాపలా ఉంటాడు, నెలకోసారి వస్తాడు. పక్కింటి పాండియమ్మాళ్ అత్త ఈ వేళకు కంపెనీలో ఉంటుంది. మా ఇంట్లోంచి పొగ వస్తే చూసేవాళ్లు ఎవరూ లేరు. మధ్యాహ్నం బడి విడిచేదాకా ఆ వీధి అంతే.

రోడ్డు బాగా లేదు. నాలుగు వరసల రోడ్డు వేస్తామని రెండు పక్కలా తవ్వి పోశారు, నల్లమట్టి మీద ఎర్రమట్టి కుప్పలు, బస్సు ఒక పక్కకు ఒరిగి పోతోంది. ఒరిగినప్పుడు అమ్మ భుజం నా భుజానికి తగులుతుంది. అమ్మ ఏం మాట్లాడడం లేదు. మాట్లాడకూడదని ఆమెకూ చెప్పారు. నేను పొయ్యి ఆరిందా అని అడిగితే అమ్మ చెప్పవలసిన మాట ఒకటే, నేను చెప్పకూడదు పాపా. పేర్లు రాసుకోవడానికి వాళ్లే కోవిల్‌పట్టికి వచ్చిన రోజు నిరోషా అక్క ఆ మాటను అమ్మ చేత పదిసార్లు చెప్పించింది. అక్క నాకంటే రెండేళ్లే పెద్ద, మదురై నుంచి గురువారాలు విరుదునగర్‌కు వచ్చే డాక్టరు బాలసుబ్రమణియన్ దగ్గర చదువుతూ పని చేస్తుంది. తమిళంలోనే మాట్లాడుతుంది, మేమూ ఇంట్లోనే తెలుగు, బయట తమిళమే కదా. అమ్మ ఆ మాట తొమ్మిదిసార్లు చెప్పి, పదోసారి నోరు మూసుకుని కూర్చుంది. బయటికి వచ్చాక, బిడ్డ అడిగితే బదులు చెప్పనిది ఏం తల్లి, కుక్కయినా పిల్ల కుంయిమంటే తిరిగి చూస్తాది అంది.

కంపెనీలో కళ్లు పరీక్ష చేసే శిబిరం పెట్టినప్పుడు నిరోషా అక్క మొదటిసారి వచ్చింది. ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ఒక కాగితంలోంచి ప్రశ్నలు చదివింది. తాళం వేశాక మళ్లీ వెళ్లి చూస్తారా. రోజుకు ఎన్నిసార్లు. చూడకుండా ఆపితే ఏమవుతుంది. అనవసరమని తెలిసే చేస్తారా. ఎవరికీ చెప్పనివి, అమ్మకు కూడా సగమే చెప్పినవి, ఎవరో ఊరూ పేరూ తెలియనివాళ్లు ముందే అచ్చు వేసి పెట్టారు. అంటే నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు. ఎక్కడ? అరుప్పుకోట్టైలో మగ్గం ముందు కూర్చుని ఒకే పోగును ముప్పైసార్లు తడిమే మనిషి ఎవరైనా ఉన్నారా? ఎట్టయాపురంలో తలుపు మూసి తీసి మూసే మనిషి? వాళ్లు ఇప్పుడు ఏం చేస్తుంటారు? నేను అన్ని ప్రశ్నలకూ అవును అని చెబితే అక్క కాగితం మీదనుంచి తలెత్తి, ఇది గుణం కాదు సీనీ, జబ్బు, దీనికి కొత్త వైద్యం వెతుకుతున్నారు, నువ్వు వస్తావా అంది. గుణం కాదు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను, మిగతాది సరిగా వినలేదు.

ఎందుకంటే అందరూ దాన్ని గుణమనే అన్నారు. మంచి గుణం. ఎనిమిదో తరగతి తర్వాత కంపెనీలో చేరినప్పుడు తిరుపతిసామి మామ నన్ను పెట్టెలు నింపే వరసలోంచి తీసి తనిఖీ బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆయన మేస్త్రీ, అమ్మకు వరసకు అన్న. పెట్టెలో పుల్లలు తలకిందులుగా ఉంటే, తల విరిగి ఉంటే, ఒకదానికొకటి అతుక్కుని ఉంటే నేను వదిలేదాన్ని కాదు. "సీని చూసిన పెట్టె దేవుడు చూసినట్టే" అని లారీవాళ్లతో గొప్పగా చెప్పేవాడు. దీపావళికి మిగతా పిల్లలకు లేని లంగా గుడ్డ నాకు ఇచ్చారు. అమ్మ ఆ గుడ్డ వీధంతా చూపించింది. తర్వాత తర్వాత ఒకే పెట్టెను రెండుసార్లు, తర్వాత ఏడుసార్లు చూడడం మొదలైంది, మూసిన పెట్టె మూశానో లేదో అని తెరవడం, తెరిస్తే పుల్ల ఒకటి పడిందేమోనని బల్ల కింద వంగడం. నా ముందు పెట్టెలు గోడలా పేరుకుపోయాయి. అప్పుడు మామ మంచిగానే, నీకు ఇంట్లో పనే బాగుంటుంది తల్లీ అని గోతాలు ఇంటికి పంపడం మొదలుపెట్టాడు. ఎప్పుడు మొదలైంది అని డాక్టరు అడిగితే నేను చెప్పలేకపోయాను. ఏదో అగ్నిప్రమాదం చూసి ఉంటానని ఆయన ఎదురు చూశాడు. చూడలేదు. మా వైపు ప్రమాదాలు జరుగుతాయి, మేం వింటాం, కొన్ని రోజులు ఊరంతా గొంతు తగ్గించి మాట్లాడుతుంది, మళ్లీ పనికి పోతారు. అందరూ విన్నదే నేనూ విన్నాను. మరి నా ఒక్కదాని లోపలే అది ఎందుకు ఆగిపోయిందో.

ఇరవై నిమిషాలు. ఇప్పుడు మాత్ర పైగొట్టం కరిగిపోయి ఉంటుంది, లోపలి పొడి నీళ్లలో కలిసి ఉంటుంది. మందో, పిండో. కోవిల్‌పట్టిలో ఈ మాత్రలు ఇచ్చి వాటి సంగతి చెప్పిన రోజు అమ్మకు కోపం వచ్చింది. ఇది క్షయ జబ్బుకు వాడే పాత మందంట, మింగిన గంటకు పనిచేస్తుందంట. భయాన్ని పోగొట్టదంట. భయంలో కూర్చుని, పరుగెత్తకుండా, ఏమీ జరగలేదని మనసు నేర్చుకుంటుందే, ఆ నేర్చుకున్నది రాత్రికి కారిపోకుండా నిలబెడుతుందేమో చూడాలంట. నిలబెడుతుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు, అది తెలుసుకోవడానికే ఈ పరిశోధన. అందుకని వచ్చినవాళ్లలో సగంమందికి మందు ఇస్తారు, సగంమందికి అదే రంగు గొట్టంలో పిండి ఇస్తారు. ఎవరికి ఏది అన్నది ఒక కవరులో రాసి మదురైలో బీరువాలో పెట్టి సీలు వేశారు. అన్నీ అయ్యేదాకా తెరవరు. "పిండి ఇచ్చి పంపను ఆస్పత్రి ఏంటికి, నేను ఇంట్లో ఇవ్వనా?" అని అమ్మ అంది. నిరోషా అక్క నవ్వి, నాకు కూడా తెలియదమ్మా, డాక్టరుకు కూడా తెలియదు అంది. అది నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో. తెలుసుకోవాలంటే లేచి నాలుగు అడుగులు వేసి బీరువా తెరవడమే. వాళ్లు తెరవరు. దాని పక్కనే కూర్చుని టీ తాగుతారు, కాగితాలు రాస్తారు, ఇంటికి పోయి నిద్రపోతారు. నాకైతే ఆ గదిలో ఊపిరి ఆడదు. అంత చదువుకున్నవాళ్లు తెలియకుండా ఉండడాన్ని ఒక పనిగా పెట్టుకున్నారు. ఇంతకీ క్షయ మందు అన్న మాట ఎలాగో కంపెనీకి చేరింది. తిరుపతిసామి మామ గోతాలు వేసిపోవడానికి వచ్చి, వాకిట్లోనే నిలబడి, "దగ్గు ఎన్నాళ్లుగా, ఏంటికి మాతో చెప్పలేదు?" అన్నాడు. అమ్మ మంచినీళ్లు ఇస్తే తాగలేదు. అమ్మ ఎంత చెప్పినా ఆయన తల ఊపుతూ, మూటకట్టిన చట్రాలను కాలితో పక్కకు జరుపుతూ నిలబడ్డాడు. అన్నేళ్లు నా జబ్బును మెచ్చుకుని, నాకు లేని జబ్బుకు భయపడిపోయాడు.

కుడి పక్క పొగ. ముందు ఒకటే తీగ, తర్వాత మూడు, నాలుగు. మా ఊరి వైపు కాదు, మా ఊరు వెనకబడిపోయింది, ఇది తూర్పున చేలల్లో. సీమతుమ్మ కొట్టి, కట్టెలు గుండ్రంగా పేర్చి, పైన మట్టి పూసి బొగ్గు కాలుస్తారు. పైకి చూస్తే నల్లటి మట్టి కుప్పే. లోపల వారం పది రోజులు నిప్పు నిదానంగా కాలుతూ ఉంటుంది, మంట కనబడదు, ఒక చోట మట్టి పగిలితే అందులోంచి పొగ సన్నగా వస్తుంది, మనిషి పరుగెత్తుకుని వచ్చి ఇంత తడిమట్టి దాని మీద కొడతాడు. ఇప్పుడు కూడా ఒక మనిషి కొడుతున్నాడు. తలకు గుడ్డ చుట్టుకుని, ఒక వైపు కొట్టి, రెండో వైపుకు తిరిగి. రాత్రీ పగలూ పక్కనే ఉండాలి. ఒక్క పూట వదిలితే బొగ్గంతా బూడిద. ఆ మనిషి దాన్ని జబ్బు అనుకోడు. అతనికి అది కూలి. కళ్లు తిప్పుకోవాలి. కళ్లు తిప్పుకుంటే అది తప్పించుకోవడం కిందికి వస్తుందా? చూస్తే తనిఖీ కిందికి వస్తుందా? అక్కను అడగాలి. అడగడం కూడా ఒక రకం తనిఖీయేనంట. ఏ పక్కకు తిరిగినా అదే గోడ తగులుతుంది. నేను ముందు సీటు వెనక ఉన్న కమ్మీ పట్టుకున్నాను. కమ్మీ వేడిగా ఉంది. ఎండ కిటికీలోంచి తొడ మీద పడుతోంది, అంతే, ఎండ.

అమ్మ చెయ్యి ఒళ్లో ఉంది, అరచెయ్యి పైకి. ఆ మచ్చ. నాలుగేళ్ల కిందట అనుకుంటాను. అప్పటికి మా ఇంట్లో అది ఒక ఆచారంలా అయిపోయింది. ఎక్కడికి బయలుదేరినా, నేను వాకిట్లో నిలబడి ఆరిందా అమ్మా అంటాను, అమ్మ పొయ్యి దగ్గరికి పోయి, బూడిదలో అరచెయ్యి పూర్తిగా పెట్టి, నాకు చూపించి, "చల్లగా ఉండాది పాపా, దా" అంటుంది. నోటిమాట చాలక చెయ్యి పెట్టడం వచ్చింది, ఒకసారి చాలక రెండుసార్లు పెట్టడం వచ్చింది. ఆ రోజు ఎట్టయాపురంలో చిన్నాన్న ఇంట్లో పెళ్లి, బస్సు టైమైపోయింది. అమ్మ చెయ్యి పెట్టింది, తీసింది, పిడికిలి మూసుకుంది, చల్లగా ఉండాది పాపా అంది. పెళ్లిలో ఎడమ చేత్తో వడ్డించింది. ఎవరో ఎగతాళి కూడా చేశారు, పాపమ్మాళ్‌కు కొత్త పద్ధతులు వచ్చాయని. సాయంత్రం ఇంటికి వచ్చి దీపం కింద చూస్తే అరచేతి నిండా బొబ్బలు. లోపల కణిక ఉంది. ఉన్నా చల్లగా ఉందని చెప్పింది. నన్ను కదిలించడానికి. ఆమె మొహంలో ఏమీ మారలేదు, నేను అంత చూసేదాన్ని, నాకే కనబడలేదు. అది తెలిశాక అమ్మ మాట కూడా గోతంలో పుల్లే అయిపోయింది. వెయ్యి మాటల్లో ఏ మాటకు తల ఉందో. పాపం ఆమె ఏం చేస్తుంది. నన్ను చెయ్యి పెట్టనీయకుండా తన చెయ్యి పెట్టింది. ఇవాళ అది కూడా లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి బూడిదలో చెయ్యి పెట్టకుండా అమ్మ తాళం వేసింది.

ముప్పైరెండు నిమిషాలు. వైప్పారు వంతెన. నది నిండా ఇసుక, మధ్యలో ఒక మడుగు, మడుగులో రెండు గేదెలు. అమ్మ సంచిలోంచి తాళంచెవి తీసింది. చూసింది. సంచిలో వేసింది. కాసేపటికి మళ్లీ తీసింది. నేను చూస్తున్నాను. ఇలాంటివి చూడడమే కదా నా పని. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఏదో పొద్దుటి నుంచి ఒక్కొక్కటే వరసగా చెప్పుకుంటున్నట్టు, ఒక చోటికి వచ్చి ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి. ఆ ఆగిపోయే చోటు నాకు బాగా తెలుసు.

"సీనీ."

"ఊఁ."

"నేను నీళ్లు చల్లినానా?"

నన్ను పరీక్షిస్తోందేమో అనుకున్నాను. నిరోషా అక్క ఆమెకు కొత్త పాఠం ఏదైనా నేర్పిందేమో. కానీ అమ్మకు నటన రాదు, వచ్చేది బూడిద దగ్గర ఒక్క చోటే.

"కట్టెలు లాగినా. అది గ్యాపకం ఉండాది. చెంబు చేతికి తీసినా. అంతలో నువ్వు వీధిలో దగ్గినావు. ఈ పిల్ల మళ్లా లోపలికి వస్తాదేమోనని గబగబా తలుపు మూసేస్తి. చల్లినానా, చెంబు సుమ్మా, ఊరికే, కింద పెట్టేస్తినా?"

"నాకు తెలీదమ్మా. నేను వీధి పక్క తిరిగుంటిని."

"ఊళ్లో ఏ పొయ్యి ఆరిందో ఏ పొయ్యి ఆరలేదో చెప్పేదానివి, మన పొయ్యి నీకు తెలీదా?"

బస్సు సాత్తూరు స్టాండులోకి తిరిగింది. పది నిమిషాలు నిలుస్తుంది, టీ తాగేవాళ్లు తాగండి అని కండక్టరు అరిచి, ముందు తనే దిగిపోయాడు. దోసకాయల గంపలు కిటికీల దాకా లేచాయి, గంపల కింద చేతులు, చేతుల కింద కేకలు. అమ్మ లేచి నిలబడింది. దిగుదాం దా అంది. నేను లేవలేదు. ఈసారి దిగితే పేరు కొట్టేస్తారమ్మా అన్నాను.

"పేరు పోతే పోనీ. ఇల్లు పోతే?"

అది నా మాట. పోయిన మూడు గురువారాలు ఇదే బస్సులో నేను అన్న మాట, ఇంకో నోట్లోంచి. విన్నప్పుడు అది ఎంత న్యాయంగా ఉందో. దానికి బదులు ఏముంది? నా ఒళ్లంతా అమ్మ పక్కకు మొగ్గింది. దిగిపోదాం, ఈసారి కారణం నాది కాదు, అమ్మది, జబ్బు కాదు, నిజం, నిరోషా అక్కకు కూడా అలాగే చెప్పవచ్చు. కానీ ఏది జబ్బో ఏది నిజమో లోపల రంగు తేడా ఏమీ లేదు. నిజంగా నిప్పున్న రోజు కూడా ఇలాగే ఉంటుంది, లేని రోజు కూడా ఇలాగే ఉంటుంది.

"నీకంటే జబ్బు" అంది అమ్మ, గొంతు తగ్గించి. "నాకు జబ్బా? నాకు నిజంగానే గ్యాపకం లేదు పాపా. గుండెలో పట్టి పిసికినట్టుండాది."

"నాకు దినమూ అట్లే ఉంటాదమ్మా."

అమ్మ నన్ను చూసింది. ముందు సీటు కమ్మీ పట్టుకుని అలాగే వంగి నిలబడింది.

"దినమూనా?"

"దినమూ. ఇరవై తూర్లు, ముప్పై తూర్లు."

"ఇంతగానా?"

"ఇంతే."

ఆమె మెల్లగా కూర్చుంది. కిటికీ దగ్గర ఎవరో దోసకాయ చీల్చి కారం పూసి చూపిస్తే వద్దని చెయ్యి కూడా ఊపలేదు. "నువ్వు సుమ్మా అడుగుతా ఉండావనుకొంటి" అంది. "అడగడం నీకు ఒక పళక్కం, అలవాటు, అనుకొంటి."

ఒక మాట నా నాలుక చివరకు వచ్చి నిలబడింది. చల్లినావమ్మా, చప్పుడు విన్నాను. అంతే చాలు. అమ్మ మొహం విప్పారుతుంది, కొంగుతో మెడ తుడుచుకుంటుంది, ఇద్దరం విరుదునగర్‌కు పోతాం. ఆ మాట ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు. చప్పుడు విన్నానేమో కూడా. ఏదో విన్నాను, గొళ్లెం కంటే ముందు, నీళ్లే అయి ఉండవచ్చు. కానీ నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలుసని చెప్పి ఒకరిని కదిలించడం మా ఇంట్లో ఇన్నేళ్లు జరిగిన పని, దాని మచ్చ ఇదిగో, నా పక్కనే ఒళ్లో ఉంది. నేను చెప్పలేదు. మందు చెప్పనీయలేదో, పిండి చెప్పనీయలేదో, నేనే చెప్పలేదో.

"నువ్వు పొయ్యి చూడమ్మా" అన్నాను. "నేను పోతాను."

"ఒంటిగానా?"

"ఊఁ."

"కోవిల్‌పట్టి దాటి నువ్వు యాడికి ఒంటిగా పొయ్యుండావు? యాడ దిగాలో తెలుసునా నీకు?"

"విరుదునగర్‌లో బస్సే నిల్చిపోతాది. అక్క స్టాండుకు వస్తానని రాసింది."

అమ్మ లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. నీళ్ల సీసా నా ఒళ్లో పెట్టింది. పల్లీల కడలమిఠాయి పొట్లం తీసి పెట్టింది. నిరోషా అక్క ఉత్తరం తీసి పెట్టింది, సంచిలోనే ఉంది అది. "పోతానే చూసి, అంగడి నుంచి ఆస్పత్రికి ఫోను చేయిస్తా. చల్లగా ఉండాదని చెప్పిస్తా, నువ్వు బయపడొద్దు" అంది.

"వద్దమ్మా. ఏం చూసినా నాకు చెప్పొద్దు. సాయంత్రం కూడా."

"కాలిపోయుంటే?"

"కాలిపోయుంటే నేనే చూస్తాను కదా."

అమ్మ నోరు ఒక పక్కకు తిరిగింది, నవ్వాలో తిట్టాలో తెలియక. "పైత్యకారీ, మాట చూడు" అంది. ఊళ్లో పదిమంది నన్ను అన్న మాటే, పిచ్చిదానా అని. అమ్మ ఇంతవరకూ ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడు బుగ్గ గిల్లినట్టు అంది. అని దిగిపోయింది.

ఆమె తల దోసకాయల గంపల మధ్య పోతూ కనబడింది. అవతలి వైపుకు పోవాలంటే రోడ్డు దాటాలి, రోడ్డంతా తవ్వేసి ఉంది, లారీలు ఏ పక్క నుంచి వస్తాయో తెలియదు, అమ్మ కుడి పక్కే చూస్తుంది, ఎడమ పక్క చూడడం మరిచిపోతుంది, నేను పక్కనుంటే చెయ్యి పట్టుకుంటాను. ఇదిగో, మొదలైంది. పొయ్యి కాకపోతే రోడ్డు. ఒకటి వదిలితే దాని వెనక ఇంకొకటి నిలబడి ఉంటుంది, వరసగా పేర్చినట్టు. నీలం చీర ఒకసారి కనబడింది, టీకొట్టు పందిరి అడ్డం వచ్చింది, తర్వాత వేరే ఎవరిదో పచ్చచీర. ఇంకా నాలుగు నిమిషాలుంది. మూడు గురువారాలూ నా మోకాళ్లు నన్ను అడగకుండా లేచిన వేళ ఇదే. ఇప్పుడు కూడా లేస్తున్నాయి. పరుగెత్తితే అమ్మను అందుకోవచ్చు. ఇద్దరం కలిసి పోయి, తలుపు తీసి, చూసి, తడి బూడిదో పొడి బూడిదో, చూసి, ఆ ఒక్క క్షణం హాయిగా ఉంటుంది. ఆ క్షణం ఎంతసేపుంటుందో కూడా నాకు తెలుసు. తలుపు మళ్లీ మూసేదాకా. తర్వాత వచ్చే గురువారం ఉండదు. నిరోషా అక్క కాగితంలో నా పేరు మీద గీత పడుతుంది, నా చోట్లో ఎవరో కూర్చుంటారు, పోనీలే, వాళ్లకైనా. అమ్మ మళ్లీ బూడిదలో చెయ్యి పెడుతుంది. నాకు ముప్పై వస్తుంది, నలభై వస్తుంది. ఆమె చెయ్యి పెడుతూనే ఉంటుంది. కమ్మీ వదిలితే లేచిపోతానని కమ్మీ పట్టుకున్నాను. దిగితే జన్మంతా ఇరుక్కుపోతాను, దిగకపోతే ఈ గంటలో ఇరుక్కుపోతాను. గంటకైనా అవతలి కొస ఉంది. ఉందంటారు. అది కూడా ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కదా, అందుకే పరిశోధన.

కండక్టరు ఎక్కాడు. తలలు లెక్కబెడుతూ వచ్చి నా దగ్గర ఆగి, మీ అమ్మ ఎక్కడ, పిలువు, బండి తీస్తున్నాం అన్నాడు తమిళంలో. రాదు, మీరు తీయండి అన్నాను. నన్ను ఒకసారి చూసి విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. బస్సు వెనక్కి పోతుండగా, అమ్ముడుపోని దోసకాయల గంప నెత్తిన పెట్టుకుని ఒక పెద్దామె పరుగున ఎక్కింది, ఊపిరి పీలుస్తూ సీట్ల మధ్య నడిచి వచ్చింది, మిగిలింది నా పక్క చోటు ఒక్కటే. ఇక్కడ ఎవరైనా ఉన్నారా అమ్మా అని అడిగింది. తలుపు ఇంకా తెరిచే ఉంది. అందులోంచి స్టాండు నేల కనబడుతోంది, నీళ్లు చల్లిన నేల, దోసకాయ తొక్కలు.

"లేరు, కూర్చోండి" అన్నాను.

ఆమె గంప దించి మా ఇద్దరి కాళ్లకూ అడ్డంగా పెట్టింది, పెట్టి, నిండుగా కూర్చుంది. ఇక నేను లేవాలన్నా ఆమెను లేపాలి, గంపను ఎత్తించాలి. కండక్టరు తలుపు లాగాడు. నేను కిటికీ పక్కకు జరిగి ఆమెకు ఇంకొంచెం చోటు ఇచ్చాను.